చోక్ పడాలంటే చేతుల బలం పెంచాలా?

"జియు-జిట్సులో బ్యాక్ కంట్రోల్ (ప్రత్యర్థి వీపు వెనక చేరి పట్టడం) దాకా వస్తున్నాను, రియర్ నేకెడ్ చోక్ (వెనక నుంచి చేతులతో మెడ బిగించే పట్టు) పూర్తయ్యేలోపు చేతులు పడిపోతున్నాయి. డంబెల్స్ మొదలుపెట్టనా?" అని అడిగారు. వద్దండీ. నేను ఏడాది పాటు అదే పని చేశాను. కండలు వచ్చాయి గానీ చోక్ రాలేదు.

ఒకరోజు నాకంటే బాగా తేలికైన పర్పుల్ బెల్ట్ (మధ్య స్థాయి) ఆవిడతో రోల్, అంటే సాధన పోరు, పడింది. ఎలాగో వెనక్కి చేరాను, రెండు హుక్స్ వేశాను (పాదాలు ఆవిడ తొడల లోపలివైపు తగిలించాను), వెంటనే మెడ మీదకి ఎగబడ్డాను. ఆవిడ గడ్డం దించేసి నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. నేను ఆయాసపడుతూ దవడనే పిండుతున్నాను. చివరికి "పళ్లు రాలగొడతారా ఏంటండీ?" అంది.

తర్వాత ఆవిడ నా వెనక్కి వచ్చింది. మెడ జోలికే రాలేదు! ఒక చెయ్యి భుజం మీదుగా, ఇంకోటి చంక కింద నుంచి వేసి సీట్‌బెల్ట్ పట్టింది. ఛాతీ నా వీపుకి బంక పెట్టినట్టు అతుక్కుంది. నేనెటు జరిగితే అటే వస్తోంది. మెల్లగా నా చెయ్యి ఒకటి కిందికి లాగి, దాని మీద కాలేసి తొక్కిపెట్టింది. ఇక నాకు మిగిలింది ఒక్క చెయ్యి, ఆవిడకు రెండు. మోచేతి మడత గడ్డం కిందకి దూరింది, రెండో అరచెయ్యి నా తల వెనక్కి జారింది, ఛాతీ కాస్త విరిచింది. నొప్పీ లేదు, దగ్గూ లేదు. చెవుల్లో హోరు మొదలవగానే ట్యాప్ చేసేశాను, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పేసుకున్నాను.

ఇది గాలి ఆపే చోక్ కాదు, మెడకి రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు మూసేది. సరిగ్గా పడితే పది సెకన్లలో స్పృహ పోతుంది. అవతలివాళ్లు దగ్గుతున్నారంటే మీరు గొంతు మధ్యలో నొక్కుతున్నట్టే. 1993లో మొదటి యూఎఫ్‌సీ (రకరకాల యుద్ధకళల వాళ్లు తలపడే పోటీ) ఫైనల్లో జియు-జిట్సు వీరుడు రాయిస్ గ్రేసీ తనకంటే పెద్ద మనిషిని ఈ చోక్‌తోనే ముగించాడు. ఆయనవేమీ పహిల్వాన్ చేతులు కావు.

అన్నట్టు, హుక్స్ వేసి మూడు సెకన్లు ఆగితే ఐబీజేజేఎఫ్ (జియు-జిట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య) రూల్స్‌లో 4 పాయింట్లు. అవి రాగానే ఇక చాలన్నట్టు బిగుసుకుపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెనక ఉండి పాదాలు ఒకదాని మీద ఒకటి మెలేసుకునేవాళ్లు ఇంకో రకం. చీలమండ లాక్ పడ్డాక "అయ్యో" అంటారు. ట్యాప్ చేయడం నామోషీ అనుకునేవాళ్ల గురించి రాస్తే ఈ జవాబు తెగదు.

మీరు ఓ నెల పాటు మెడ ముట్టుకోకండి. వెనకే అతుక్కుని చేతుల కోసం మాత్రమే పెనుగులాడండి. మొదటి వారం బోలెడు విసుగొస్తుంది. మీ పార్ట్‌నర్‌కి ఇంకా ఎక్కువ వస్తుంది.