అల్లర్ల దేశంలో ఉన్న సిస్టర్లను మన రాయబార కార్యాలయం కాపాడగలదా?

మీ చెల్లెలు సిస్టర్‌గా, అంటే క్రైస్తవ సన్యాసినిగా, సేవ చేస్తున్న దేశంలో అల్లర్లు మొదలయ్యాయనీ, ప్రమాదం ముంచుకొస్తే మన రాయబార కార్యాలయం ఆమెను కాపాడగలదా అనీ అడిగారు. 2015లో యెమెన్ యుద్ధం ముదిరినప్పుడు నేను అక్కడి రేవు పట్టణం ఏడెన్‌లో నర్సుగా ఉన్నాను. మార్చి 31 రాత్రి మన నౌకాదళ ఓడ ఐఎన్ఎస్ సుమిత్ర ఎక్కి, సముద్రానికి అవతలి ఆఫ్రికా దేశం జిబూటీకి చేరిన 349 మందిలో నేనూ ఒకదాన్ని.

ఆ రాత్రి రేవులో పాస్‌పోర్టు చూసి ఓడ ఎక్కించారే తప్ప, మీది ఏ మతం, ఏం పని అని ఎవరూ అడగలేదు. అయితే ఆ సాయం రేవుదాకా రాగలిగినవారికే అందింది. కాల్పుల మధ్య మమ్మల్ని అక్కడికి చేర్చింది ఆసుపత్రి వ్యాను నడిపే యెమెనీ డ్రైవరు. కొద్ది రోజులకే యెమెన్ రాజధాని సనాలోని మన రాయబార కార్యాలయం కూడా జిబూటీకి తరలిపోయింది.

ఏడెన్‌లోని మదర్ థెరిసా సిస్టర్లు మాత్రం తమ ఆశ్రమంలోని వృద్ధులను వదిలి రాలేదు. అది మొండితనమని కొందరన్నారు. లేవలేని మనిషికి పక్క మార్చి, ఒళ్లు తుడిచి, అన్నం తినిపించే పని చేసినదాన్ని కనుక నేను ఆ మాట ఒప్పుకోను. 2016 మార్చి 4న సాయుధులు ఆశ్రమంలోకి చొరబడి, ఒక భారతీయురాలు సహా నలుగురు సిస్టర్లతో కలిపి 16 మందిని చంపి, కేరళకు చెందిన ఫాదర్ టామ్ ఉళున్నలిల్‌ను ఎత్తుకుపోయారు.

మిషనరీలకు దౌత్యవేత్తలకుండే ప్రత్యేక రక్షణ ఉండదు. విదేశీయుల భద్రత ఆ దేశ ప్రభుత్వ బాధ్యత. పరాయి దేశాల్లో కాన్సులేట్లు ఏం చేయవచ్చో చెప్పే 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం మన కాన్సులేట్ తన పౌరులకు సాయపడవచ్చు కానీ, తన పోలీసులను పంపి కాపలా పెట్టలేదు. అసలు ప్రభుత్వమే చీలిపోయిన చోట ఎవరిని అడగాలన్నదే పెద్ద చిక్కు. అందుకే ఫాదర్ టామ్ విడుదల, వాటికన్ అభ్యర్థన మీద, ఒమన్ సుల్తాన్ కబూస్ ఆదేశంతో 2017 సెప్టెంబర్ 12న, అంటే ఏడాదిన్నర తరువాత జరిగింది.

కాబట్టి మీ చెల్లెలి పేరు, చిరునామా, పాస్‌పోర్టు వివరాలు రాయబార కార్యాలయంలో ఇప్పుడే నమోదు చేయించండి. ఖాళీ చేయమన్న హెచ్చరిక వస్తే ఆమె వస్తారా, ఉంటారా, ఉంటే ఆశ్రమంలోని రోగుల సంగతేమిటి అన్నది ఆమె మఠం పెద్దలతో ముందే మాట్లాడుకోండి. విమానాశ్రయం తెరిచి ఉన్నప్పుడు తీసుకోవలసిన నిర్ణయం అది.