పోలవరం వెళ్లే ముందు

అమ్మలూ,

మన ఇంటిపేరు పుట్టుక వెతకడానికి పోలవరం వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషపడ్డానో అంత టెన్షన్ పడ్డాను. వరద రోజుల్లో మాత్రం గోదావరిలో లాంచీ ఎక్కొద్దు.

ముందు ఏ పోలవరమో తేల్చుకో. ప్రాజెక్టు కడుతున్నది ఒకటి, కోనసీమలో ఐ.పోలవరం ఇంకొకటి. వేమూరు వాళ్లు వేమూరివారైనట్టే పోలవరం వాళ్లు పోలవరపువారయ్యారు. అయితే సొంతూళ్లో ఎవరూ మనల్ని ఊరి పేరుతో పిలవరమ్మా. వేరే ఊరు చేరాకే ఫలానా ఊరివాళ్లంటారు. తుంగభద్ర డ్యామ్ కట్టాక 1950ల్లో కర్ణాటకలో ఈ గంగావతి వచ్చాం కదా, ఇక్కడివాళ్లకి ఇప్పటికీ మనం ఆంధ్రా క్యాంపువాళ్లమే. అందుకే మనవాళ్లు చేరిన ఊళ్లలో కూడా అడుగు.

పాత దస్తావేజుల నకళ్లు తీసుకో. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలిపేయకు, గోత్రం అడుగు.

అన్నిటికన్నా ముందు పిచ్చుకుంట్లవారిని కలువు. ఇప్పుడు వంశరాజులంటున్నారు. మన గోత్రాలూ వంశాలూ నోటికి చెప్పేవాళ్లు.

మేం దివిసీమలో ఉండగా, కళ్లంలో వడ్లు తూర్పారబోస్తుంటే వాళ్లలో ఒక ముసలాయన వచ్చాడు. మా నాన్న, తాత, ముత్తాత, ఎవరింటికి ఏ ఊరి కోడలొచ్చిందో రాగం తీస్తూ చెబుతున్నాడు. నాకు 17 ఏళ్లు, ఎస్సెల్సీ పాసయ్యానన్న పొగరు. పోలవరం నుంచి బండి కట్టుకుని మొదట బయల్దేరినాయన పేరు చెప్పబోతుంటే, "అడుక్కోవడానికి ఇన్ని కథలా?" అన్నాను. ఆయన పాట ఆపేశాడు. అప్పటికే సంచీలో పోసిన వడ్లు మళ్లీ రాశిలో కుమ్మరించి, సంచీ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మా నాయనమ్మ చేట పట్టుకుని కాలవ గట్టు దాకా వెనకాలే పరిగెత్తింది. ఆయన తిరిగి చూడలేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. "మన పుట్టుక చెప్పే నోరు మూయించావు కదరా" అని మాత్రం అంది. రెండేళ్లకి ఇటు వచ్చేశాం. ఆ పేరు నాకు తెలియకుండానే ఇంత వయసొచ్చింది.

నీకు ఆ దుడుకు లేదులే, మా నాయనమ్మ పోలిక నీది. అయినా చెబుతున్నా, వాళ్లు చెబుతుంటే ఫోన్ చూడకు. మధ్యలో ప్రశ్నలు వేయకు. రికార్డు చేస్తానంటే ముందు అడుగు.

వెళ్లేముందు ఒకసారి ఇక్కడికి రా. మన చేలో పండిన సోనామసూరి ఒక బస్తా కట్టించి ఉంచాను. వాళ్లలో ఎవరు దొరికినా ఇచ్చి, మా నాయనమ్మ పంపిందని చెప్పు.

మీ చినతాతయ్య