మైకు పట్టుకునే ముందు

శిరీషా, బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే ఇరవై ఐదేళ్లలో మన ప్రాంతానికి రోడ్లు, బస్సులు, రైళ్లు ఎట్లుండాలో జనాన్ని అడుగుతున్నారట, కలెక్టరేట్‌లో జరిగే ఆ మీటింగ్‌లో ఊరి తరఫున నువ్వు మాట్లాడతావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. మన ఇంటి ఆడబిడ్డ అంతమంది అధికారుల ముందు నిలబడుతుందంటే ఎంత సంబరమైందో చెప్పలేను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నీ మాటలు కాగితం మీద రాసుకో, రెండు కాపీలు తీసుకుపో, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తారీఖుతో ముద్ర వేయించుకో. హాజరు కాగితంలో సంతకం పెట్టే ముందు పైన ఏం రాసి ఉందో చదువు. మూడు నిమిషాల కంటే ఎక్కువ ఇవ్వరు, అసలు మాట మొదటి నిమిషంలోనే చెప్పు. కడుపు నిండా తిని పో.

కొందరు నీతో అంటారు, ఇరవై ఐదేళ్ల తర్వాతి ముచ్చటకు ఇప్పుడు పరుగెందుకని. వాళ్లకు మన రైలు సంగతి గుర్తు చెయ్. మహబూబ్‌నగర్–మునీరాబాద్ మార్గం 1997-98లో మంజూరైంది. దేవరకద్ర నుంచి ముక్కముక్కగా వేసుకుంటూ పోతే, జక్లేర్ నుంచి కృష్ణా స్టేషన్ దాకా ఉన్న 37 కిలోమీటర్లు 2023 అక్టోబర్ 1న ప్రారంభమయ్యాయి. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు ఆ రైలెక్కేసరికి పాతికేళ్లు దాటారు. ఇట్లాంటి పనుల్లో కాగితం మీద గీత పడ్డాక దాన్ని జరపడం ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను. జాతీయ రహదారికి భూమి తీసుకునేటప్పుడు, గెజిట్‌లో నోటిఫికేషన్ వచ్చిన నాటి నుంచి అభ్యంతరం రాసివ్వడానికి చట్టం ఇచ్చే గడువు 21 రోజులే. అప్పటికి గీత మన సర్వే నంబర్ మీద ఉంటుంది. హైదరాబాద్ చుట్టూ వేస్తామన్న రీజినల్ రింగ్ రోడ్డు ఆమనగల్లు, షాద్‌నగర్ వైపు నుంచి పోతుందన్నప్పుడు, అది తమ చేను మీద పడుతుందేమోనని రైతులు ఎంత కలత పడ్డారో నీకు తెలుసు. గీత ఇంకా పెన్సిల్‌తో ఉన్నప్పుడే మనం మాట్లాడాలి. అందుకే నువ్వు పోవడం మంచిదే. కానీ ఏం మాట్లాడతావన్నదే నా భయం.

నా సంగతి చెప్తాను. మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పి ఉండదు.

అప్పుడు నేను సర్పంచ్‌ని. ఇప్పటి 44 నంబర్ హైవేను అప్పట్లో ఏడో నంబర్ అనేవాళ్లం. అది మన ఊరి నడిబొడ్డు నుంచే పోయేది. మా నాయన బర్రెను తోలుకుని రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. నేను పరుగెత్తిపోయేసరికి బర్రె నిలబడే ఉంది, ఆయన లేడు. ఆ రోజు నుంచి రాత్రిళ్లు లారీ హారన్ వినబడితే లేచి కూర్చునేవాణ్ణి. రోడ్డు వెడల్పు చేస్తామని, జనం మాట వింటామని షామియానా వేసినప్పుడు నేనే ముందు మైకు పట్టుకున్నాను. ఊరి బయట నుంచి బైపాస్ వేయమన్నాను. నాయన ముచ్చట చెప్తూ ఏడ్చాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక మీ అమ్మమ్మ నా తల నిమిరింది. ఊరికి అంత మేలు ఎవరూ చేయలేదని అనుకున్నాను బిడ్డా, నిజంగానే అనుకున్నాను.

బైపాస్ వచ్చింది. లారీలు పోయాయి. ఆ వీధిలో ఆ తర్వాత ఎవరూ చావలేదు, దానికి ఇప్పటికీ దేవునికి దండం పెట్టుకుంటాను. అయితే లారీలతో పాటు ఎక్స్‌ప్రెస్ బస్సులు కూడా బైపాస్ పట్టాయి. ఊరి వాళ్లను క్రాస్ కాడ దించి పోయేవి. అక్కడి నుంచి ఊరు రెండు కిలోమీటర్లు. లైటు లేదు, నిలబడటానికి రేకుల షెడ్డు కూడా లేదు, రోడ్డు అవతల దిగితే కిందనుంచి దాటే దారీ లేదు.

మీ అక్క అప్పుడు పాలమూరులో డిగ్రీ రెండో ఏడు. సాయంత్రం క్లాసులయ్యి బస్సు దొరికేసరికి చీకటి పడేది. మూడు నెలలు మీ అమ్మ రోజూ బ్యాటరీ లైటు పట్టుకుని క్రాస్ కాడికి పోయి నిలబడింది. ఆ లైటు స్విచ్ వదులైతే రబ్బరు బ్యాండ్ చుట్టుకుని, బస్సు ఆగగానే డ్రైవర్‌కు కనబడేటట్టు పైకెత్తేది. వానాకాలంలో ఒకరోజు బస్సు ఆగకుండా ముందుకు పోయి దించింది. మీ అక్క ఆ చీకట్లో డివైడర్ దాటి ఉరికొచ్చిందట. మర్నాటి నుంచి కాలేజీకి పోలేదు. ఎవరూ మానిపించలేదు, తనే మానేసింది. బస్ పాస్‌లో ఇంకా పద్దెనిమిది రోజులు మిగిలే ఉన్నాయి. చాలా ఏళ్ల తర్వాత బీరువా సర్దుతుంటే ప్లాస్టిక్ కవర్‌లో ఆ పాస్ దొరికింది. ఇదేందే, అప్పుడే నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు మైకులో మాట్లాడిన్నాడు నేను షామియానాలోనే ఉన్న మామా. నీ ఎనకాలే కూసున్న. నన్నెవరన్న అడిగిన్రా?” అంది.

తప్పు బైపాస్‌ది అనను. అడిగింది నేను, అడగాల్సింది అడగనిదీ నేనే. బస్సు ఊళ్లోకి రావాలని, క్రాస్ కాడ లైటు, షెడ్డు, కిందనుంచి దారి కావాలని ఆ రోజే ఒక్క మాట కలిపి ఉంటే కాగితం మీద ఉండేది. ఆ తర్వాత ఎన్ని అర్జీలు పెట్టానో మీ అమ్మనడుగు. అయిపోయిన రోడ్డుకు లైటు తేవడానికి, రోడ్డు తెచ్చినదానికన్నా ఎక్కువ కాలం పట్టింది.

అందుకే నీ మీద కొంచెం కోపంగా కూడా ఉంది. లాప్‌టాప్‌లో బొమ్మలు పెట్టి పీపీటీ చేస్తున్నావట, మెట్రో ఫోటోలు కూడా పెట్టావట. వారం రోజులుగా గది దాటి బయటికి రాలేదట. ఊళ్లో ఎవరినైనా అడిగావా? నేను చేసిన పనే నువ్వూ చేస్తే నాకు ఊపిరాడదు. తిట్టినందుకు ఏమనుకోకు, నీ తెలివి మీద అనుమానమైతే ఈ ఉత్తరమే రాయను.

ముందు పొద్దున ఐదున్నరకు లేచి సెంటర్‌కు పో. ట్రాలీ ఆటోలో పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లను అడుగు, ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టు. డయాలసిస్‌కు వారానికి రెండుమూడు సార్లు పోయే వాళ్లుంటే తిరిగి ఇంటికి ఎట్లా చేరుతున్నారో అడుగు. పోయేటప్పుడు ఎవరో ఒకరు బండి మీద దింపుతారు, కష్టమంతా తిరిగొచ్చేటప్పుడే. ఆఖరి బస్సు ఎన్ని గంటలకు, ఎక్కడ దింపుతుందో ఒక్కొక్కరి మాట పేరు లేకుండా రాసుకో.

మీటింగ్‌లో వాళ్ల లెక్కలు చూపిస్తారు. రోడ్డు మీద వాహనాలు లెక్కపెట్టి, కారును ఒకటిగా, బస్సును మూడుగా వేస్తారు. అది రోడ్డు మీద పట్టే జాగా లెక్క. బస్సులో యాభై మంది ఉన్నా ఆ లెక్కలో మూడే. నడిచేవాళ్లు అందులో ఉండనే ఉండరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక జీరో టికెట్లతో ఎందరు ఎక్కుతున్నారో తెలుస్తోంది, సంతోషం. కానీ మీ అక్కలా ఎక్కడం మానేసిన పిల్ల ఏ టికెట్‌లోనూ కనబడదు. మనుషులను ఎట్లా లెక్కపెట్టారని అడుగు. గట్టిగా అడుగు, కానీ గొంతు పెంచకు.

పెద్ద రోడ్డుకు పర్యావరణ అనుమతి కోసం జరిగే బహిరంగ విచారణలో 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చివర్లో జనం చెప్పినదాని సారాంశం మన భాషలో చదివి వినిపించాలి. ఇప్పుడు నువ్వు పోయే మీటింగ్‌కు అంత కట్టుబాటు ఉండకపోవచ్చు. అయినా చదివి వినిపించమని అడుగు, అయ్యేదాకా లేవకు.

పోయేటప్పుడు కలెక్టరేట్ వైపే దిగు. అవతల దించితే దాటకు, పది నిమిషాలు ఆలస్యమైనా ఆటో ఎక్కి తిరిగి రా. ఈ మాట నవ్వులాటగా తీసుకోకు. పైలం బిడ్డా.

ఇంకొకటి. ఆ మూడు నెలలు క్రాస్ కాడ నిలబడిన మనిషి నీ ఇంట్లోనే ఉంది. అక్కడ ఏం కావాలో మీ అమ్మను నేను ఇప్పటిదాకా అడగలేదు. ఉత్తరం పక్కన పెట్టి, నోటుబుక్కు తీసుకుని వంటింట్లోకి పో. ముందు ఆమె చెప్పింది రాసుకో.

నీ మామ