బడ్జెట్‌కు ముందు మంత్రి చెప్పే జవాబు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

పార్లమెంటు ప్రశ్నోత్తరాల మీద సందేహాలు రాయమని కిందటి నెల కోరినప్పుడు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో చాలావరకు ఒకే చోటికి వచ్చి ఆగాయి. బడ్జెట్‌కు ముందు సభ్యులు ఏది అడిగినా ఆర్థిక మంత్రి పెదవి విప్పరు, అలాంటప్పుడు అడగడం దేనికి అన్నదే ఆ ఉత్తరాల సారం. ఆ విసుగు అర్థమవుతుంది గానీ, దానితో పూర్తిగా ఏకీభవించలేను. ఆరు ఉత్తరాలను ఎంచుకుని జవాబు రాస్తున్నాను.

*ప్రశ్న: 2024 జులై 22న బిహార్‌కు ప్రత్యేక హోదా గురించి లోక్‌సభలో ఒక సభ్యుడు అడిగితే, అది కుదరదని ఆర్థిక శాఖ చెప్పింది. మర్నాడే బడ్జెట్‌లో ఆ రాష్ట్రానికి వేల కోట్ల రోడ్లు ప్రకటించారు. ముందురోజు ఆ మాట దాచిపెట్టడం సభను తప్పుదారి పట్టించడం కాదా?*
*(విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)*

తప్పుదారి పట్టించడం అనలేము. సభ్యుడు అడిగింది హోదా గురించి. ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లిఖితపూర్వకంగా ఇచ్చిన జవాబు కూడా హోదా వరకే పరిమితమైంది. కొండ ప్రాంతం కావడం, జనసాంద్రత తక్కువగా ఉండడం లేదా గిరిజన జనాభా ఎక్కువగా ఉండడం, పొరుగు దేశాల సరిహద్దున ఉండడం, ఆర్థికంగా వెనుకబడి ఉండడం, సొంత ఆదాయంతో రాష్ట్రం నిలదొక్కుకోలేకపోవడం వంటి లక్షణాలను చూసి జాతీయాభివృద్ధి మండలి గతంలో కొన్ని రాష్ట్రాలకు ఆ హోదా ఇచ్చిందనీ, ఆ కొలమానాలకు బిహార్ సరిపోదని మంత్రిత్వ శాఖల మధ్య ఏర్పడిన బృందం 2012 మార్చి 30న ఇచ్చిన నివేదికలో తేల్చిందనీ ఆ జవాబు చెప్పింది. అందులో అబద్ధం లేదు. అది కొత్త నిర్ణయం కూడా కాదు, పన్నెండేళ్ల కిందటి నివేదికను మళ్లీ చదివి వినిపించడమే.

మర్నాడు నిర్మలా సీతారామన్ ప్రసంగంలో బిహార్ రహదారులకు 26,000 కోట్ల రూపాయలు వచ్చాయి. అదే ప్రసంగంలో అమరావతికి ప్రపంచ బ్యాంకు వంటి బహుళపక్ష ఆర్థిక సంస్థల ద్వారా 15,000 కోట్లు సమకూరుస్తామన్న మాటా వచ్చింది. ‘హోదా ఇవ్వగలరా’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అని జవాబు ఇచ్చి, ఎవరూ అడగని ‘మరేదైనా ఇస్తారా’ అన్న ప్రశ్నకు మర్నాడు జవాబు చెప్పారన్న మాట. ప్రత్యేక హోదా విషయంలో ఢిల్లీ మాటలు ఏళ్లుగా విన్న ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఈ తీరు కొత్తగా అనిపించకపోవచ్చు.

అయితే మీ అసంతృప్తిలో న్యాయం లేకపోలేదు. ప్రశ్నకు జవాబు రాసే అధికారి దృష్టి తన ముందున్న ఫైలు మీదే ఉంటుంది. బడ్జెట్ ప్రసంగంలో ఏముందో అతనికి తెలియనవసరం లేదు, తెలియకూడదన్నదే ఏర్పాటు. జవాబు మంత్రి పేరుతో వస్తుంది కనుక అదే మంత్రి మనసులోని మాట అని మనం అనుకుంటాం. చాలాసార్లు అది పాత ఫైలులోని మాట మాత్రమే.

*ప్రశ్న: ‘ప్రస్తుతం అటువంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు’ అన్న వాక్యం ప్రతి ఏడాదీ చదువుతున్నాను. ఇంత గోప్యత దేనికి? ఏదైనా చట్టం నిర్బంధిస్తోందా?*
*(కిరాణా వ్యాపారి, కరీంనగర్)*

వ్యాపారి అయిన మీకు గోప్యత అవసరం నాకంటే బాగా తెలిసి ఉండాలి. ఒక సరుకు మీద సుంకం రేపు పెరుగుతుందని ఈరోజే తెలిస్తే గోదాముల తలుపులు ఈ రాత్రే మూసుకుంటాయి. కస్టమ్స్ సుంకం పెంపు, బిల్లు ఆమోదం కోసం నెలల తరబడి ఆగకుండా, సభలో బిల్లు పెట్టిన రోజు అర్ధరాత్రి దాటగానే అమల్లోకి వచ్చేలా చట్టమే వీలు కల్పిస్తోంది. 1931 నాటి తాత్కాలిక పన్ను వసూలు చట్టం ఈ పని చేసేది, 2023లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ముందే బయటపడితే ఈ ఏర్పాటుకు అర్థమే ఉండదు. ఈ విషయంలో బ్రిటన్ ఎంత పట్టింపుగా ఉండేదో చెప్పడానికి హ్యూ డాల్టన్ ఉదంతం చాలు. 1947 నవంబరులో బడ్జెట్ ప్రసంగానికి సభలోకి వెళుతూ ఒక విలేఖరికి పన్నుల మార్పులు కొన్ని చెప్పినందుకు ఆయన ఆర్థిక మంత్రి పదవినే వదులుకోవలసి వచ్చింది.

ఇవాళ ఆ గోప్యత కాపాడవలసిన పరిధి బాగా కుదించుకుపోయింది. 2017లో జీఎస్టీ వచ్చాక మీ దుకాణంలోని చాలా సరుకుల పన్ను రేటును జీఎస్టీ మండలి సిఫారసు నిర్ణయిస్తోంది. 2025 సెప్టెంబరు 3న ఆ మండలి ప్రధానంగా 5, 18 శాతం శ్లాబులకు కుదించిన రేట్లు అదే నెల 22 నుంచి అమలయ్యాయి, బడ్జెట్‌కూ దానికీ సంబంధమే లేదు. ఇక కేంద్ర బడ్జెట్‌లో మిగిలిన రహస్యం ప్రధానంగా ఆదాయపు పన్ను, కస్టమ్స్ సుంకాలు. అయినా జవాబుల్లో ఆ పాత వాక్యం అన్నింటికీ ఒకేలా వాడుకలో ఉంది. రహస్యం తగ్గినా అలవాటు తగ్గలేదు.

ఆ వాక్యం వెనక ఇంకో కారణం ఉంది, దాన్ని గమనించేవారు తక్కువ. మంత్రి సభలో ‘పరిశీలిస్తున్నాం’ అంటే అది హామీ కింద లెక్కకు రావచ్చు. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఏ మాటలు హామీ అవుతాయో దాని దగ్గర ఒక జాబితా ఉంది, అందులో ‘విషయం పరిశీలనలో ఉంది’ అన్న మాటా ఒకటి. హామీ అని నమోదైతే మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని కోరాలి. ‘ప్రతిపాదన లేదు’ అంటే ఆ బాధ్యత ఉండదు. జవాబు రాసే వారికి ఏ వాక్యం సుఖమో వేరే చెప్పాలా?

*ప్రశ్న: ప్రశ్న మంత్రి దాకా ఎలా చేరుతుంది?*
*(పోటీ పరీక్షల అభ్యర్థిని, విశాఖపట్నం)*

సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న సాధారణంగా 150 మాటలు దాటకూడదు, అభిప్రాయం అడగకూడదు, ఊహాజనితమైనది కాకూడదు, మంత్రివర్గ చర్చల వంటి రహస్య విషయాలు కోరకూడదు. లాటరీ తీసి, రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు ఇస్తారు. వీటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆ వెంటనే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. మరో 230 ప్రశ్నలకు కాగితం మీద జవాబు వస్తుంది. ఇటీవలి ఏళ్లలో ఆర్థిక శాఖ వంతు లోక్‌సభలో సోమవారం, రాజ్యసభలో మంగళవారం. గంటసేపట్లో నోటి జవాబు దాకా చేరేవి సాధారణంగా నాలుగైదు ప్రశ్నలే. సభ గందరగోళంలో పడితే అవీ ఉండవు, జవాబులు బల్ల మీద పెట్టేసి ముందుకు సాగిపోతారు.

పరీక్షల్లో అడగదగిన చిన్న సంగతి ఒకటి: రాష్ట్రపతి ప్రసంగం జరిగే రోజున, బడ్జెట్ ప్రవేశపెట్టే రోజున ప్రశ్నోత్తరాల సమయం ఉండదు. బడ్జెట్ ఫిబ్రవరి 1న పెడుతున్న 2017 నుంచి, సమావేశాల మొదలుకూ బడ్జెట్‌కూ మధ్య రెండు మూడు రోజులకు మించి ఉండడం లేదు కనుక, ఆర్థిక మంత్రిని నిజంగా నిలదీసే అవకాశం డిసెంబరులో శీతాకాల సమావేశాల్లోనే దొరుకుతోంది. ఆ సమావేశాల్లోనే అనుబంధ పద్దులు కూడా సభ ముందుకు వస్తాయి. ఏ శాఖకు ఎందుకు అదనంగా డబ్బు కావలసి వచ్చిందో ఆర్థిక మంత్రి చర్చకు జవాబుగా వివరించాలి. పత్రికల్లో దానికి నాలుగు వరుసలు కూడా దొరకవు, కానీ రాబోయే బడ్జెట్ జాడ ఎక్కడైనా కనిపిస్తుందంటే అక్కడే.

*ప్రశ్న: బీమా ఏజెంటుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. సభలో వేసిన ప్రశ్నల వల్ల ఒక ఆర్థిక మంత్రి బడ్జెట్‌కు ముందే పదవి పోగొట్టుకున్నాడని మా పెద్దలు చెప్పేవారు. నిజమేనా?*
*(పాఠకుడు, విజయవాడ)*

నిజమే, పైగా అది మీ సంస్థ కథే. 1956 సెప్టెంబరు 1న ఎల్ఐసీ ఏర్పడింది. ఏడాది తిరగకముందే, 1957 జూన్‌లో, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల్లో సుమారు 1.24 కోట్ల రూపాయల వాటాలను ఆ సంస్థ కొన్నది. కొనుగోలుకు ముందు సంస్థ పెట్టుబడుల కమిటీని సంప్రదించనే లేదు. పాలసీదారుల సొమ్ముతో, కష్టాల్లో ఉన్న ఒక వ్యాపారిని ఆదుకున్నారన్న అనుమానం పుట్టింది.

సభలో ఇది మొదట ప్రశ్నల రూపంలోనే వచ్చింది. ఎల్ఐసీ ఆ కంపెనీల్లో డబ్బు పెట్టిందా, పెడితే ఎందుకు అన్న సాదా ప్రశ్నలు అవి. వచ్చిన జవాబులతో సభ్యులు తృప్తిపడలేదు. ఫిరోజ్ గాంధీ, పాలక కాంగ్రెస్ సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు, 1957 డిసెంబరు 16న లోక్‌సభలో ఈ వ్యవహారాన్ని తేదీలతో, ధరలతో, కాగితాలతో సహా విప్పి చూపించాడు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి సమర్థించుకోక తప్పలేదు. ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య విచారణ వేసింది. విచారణ బహిరంగంగా సాగింది, కొద్ది వారాల్లోనే నివేదిక వచ్చింది. కొనుగోలు వ్యవహారం నడిపించింది శాఖ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ అయినా, ఆయన చేసిన పనికి రాజ్యాంగరీత్యా బాధ్యత మంత్రిదేనని చాగ్లా తేల్చాడు. 1958 ఫిబ్రవరిలో, బడ్జెట్‌కు రోజుల ముందు, కృష్ణమాచారి తప్పుకున్నాడు. ఫిబ్రవరి 28న ఆ ఏడాది బడ్జెట్‌ను నెహ్రూయే స్వయంగా సభలో పెట్టాడు. బహుమతి పన్ను మన దేశంలో మొదలైంది ఆ బడ్జెట్‌తోనే.

దీనికి కొసమెరుపు ఉంది. కృష్ణమాచారి 1963లో తిరిగి ఆర్థిక మంత్రి అయ్యాడు. ఆ కార్యదర్శి పటేల్ 1977లో జనతా ప్రభుత్వంలో అదే కుర్చీలో కూర్చుని బడ్జెట్లు చదివాడు. మన రాజకీయాల్లో ఎవరి కథా ఒక రాజీనామాతో ముగియదు.

నేను మాత్రం ఆ ఉదంతంలో రాజీనామా కంటే ప్రశ్నల తీరునే ఎక్కువగా గమనిస్తాను. వచ్చే ఏడాది ఏం చేస్తారని ఆ సభ్యులు అడగలేదు. జూన్‌లో ఏం చేశారని అడిగారు. జరిగిపోయిన దాని గురించి అడిగితే గోప్యత అడ్డు పెట్టుకోవడం మంత్రికి కష్టం.

*ప్రశ్న: ఇక్కడ బడ్జెట్‌కు ముందు చాన్సలర్ (బ్రిటన్ ఆర్థిక మంత్రి) పత్రికల ద్వారానే సగం లీకులు ఇస్తారు. ఢిల్లీ కంటే లండన్ నయమంటారా?*
*(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లండన్)*

నయమనను. బడ్జెట్ దగ్గర పడుతుంటే పన్నుల గురించి మాట్లాడకూడదన్న సంప్రదాయం మీ దగ్గరా ఉంది, డాల్టన్ పదవి వదులుకున్నది దాని వల్లే. కానీ సభలో చెప్పని మాట పత్రికల్లో ముందుగా వస్తుంటే ఆ మౌనానికి విలువేముంది? 2025 నవంబరు 26న బ్రిటన్ ఆర్థిక అంచనాల సంస్థ (ఓబీఆర్) తన పత్రాన్ని పొరపాటున ప్రసంగానికి ముందే అందుబాటులో ఉంచడంతో దాని అధ్యక్షుడు రాజీనామా చేశాడు. పొరపాటు చేసిన వాడు పోయాడు, కావాలని లీకులు ఇచ్చేవారికి ఏమీ కాలేదు.

*ప్రశ్న: మా ఎంపీ గారిని కలిసే అవకాశం ఉంది. వచ్చే బడ్జెట్‌కు ముందు ఏం అడగమని చెప్పమంటారు?*
*(రైతు సంఘం కార్యకర్త, నెల్లూరు)*

‘మా జిల్లాకు నిధులు ఇస్తారా’ అని మాత్రం అడగవద్దని చెప్పండి. దానికి జవాబు ఇప్పుడే రాసి ఇవ్వగలను. పోలవరం గురించైతే ప్రశ్న వెళ్లవలసింది జలశక్తి శాఖకు, ఆర్థిక శాఖకు పంపితే నోటీసు తిరిగి అక్కడికే బదిలీ అవుతుంది, అప్పటికి వారం పోతుంది.

లెక్కలు అడగమనండి. ఉదాహరణకు అమరావతికి ప్రకటించిన 15,000 కోట్లనే తీసుకోండి. ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు రుణంగా ఆమోదించాయి. అందులో ఇప్పటివరకు ఎంత విడుదలైంది, ఏ తేదీల్లో, ఆ రుణం అసలు, వడ్డీ కేంద్రం ఎంత భరిస్తుంది, రాష్ట్రం ఎంత, 2014 విభజన చట్టం 94వ సెక్షన్ కింద రాజధానికి ఇచ్చిన మొత్తం దీనికి అదనమా, ఇందులో భాగమా అన్నవి వేర్వేరు భాగాలుగా అడగాలి. ఇవన్నీ కలిపినా 150 మాటలు దాటవు. బడ్జెట్ అంచనాకూ సవరించిన అంచనాకూ మధ్య ఏ పథకంలో ఎంత కోత పడిందో, ఏ రాష్ట్రం వాటాలో పడిందో కూడా అదే విధంగా అడగవచ్చు.

నోటి జవాబు కోసం ఆశపడనక్కరలేదని కూడా చెప్పండి. లిఖిత జవాబుకు జతచేసే పట్టికలో రాష్ట్రాలవారీ, ఏడాదివారీ అంకెలు ఉంటాయి. ఆ పట్టిక సంసద్ వెబ్‌సైట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. నోటీసుకు 15 రోజుల గడువు ఉంది కనుక, డిసెంబరు మొదటి సోమవారానికి జవాబు కావాలంటే ప్రశ్న నవంబరు నడిమికల్లా లోక్‌సభ సచివాలయానికి చేరి ఉండాలి. మీ ఎంపీ గారిని దీపావళి లోపే కలవండి.