స్లాట్‌లో వెల్డింగ్ పడనివ్వకు

అమలాపురం

చి. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

కాకినాడలో ఆరంతస్తుల స్టీల్ బిల్డింగుకి, భూకంపం ఊపుని రాపిడితో మింగే ఫ్రిక్షన్ డాంపర్లు బిగించే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో సగం, భయంతో సగం, రాత్రి నిద్రపట్టలేదు.

డ్రాయింగు ఏ రివిజనో చూసుకో, బోల్టుల లెక్క రాసుకో, వేళకి తిను. ఇవి నేను చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది నా తప్పు. మీ అమ్మకి కూడా తెలీదు. 2001 భుజ్ భూకంపం తర్వాత రెండేళ్లకి గుజరాత్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఫ్రేములో ఐమూలగా వేసే క్రాస్ బ్రేసుల మధ్య ప్లేట్లకి బోల్టు కంటే పొడుగాటి బెజ్జాలు, అదే స్లాట్లు, కనిపించాయి. ఫ్యాబ్రికేషన్‌లో తప్పు కొట్టారనుకున్నా. అడగడానికి నామోషీ. రాత్రి షిఫ్టులో వెల్డర్ని పిలిచి నాలుగు బ్రేసులకీ అంచుల వెంట వెల్డింగ్ కొట్టించేశా, గట్టిగా ఉంటుందని! పొద్దున డిజైన్ ఇంజనీరు వచ్చి ప్లేటు మీద వేలు పెట్టి చూశాడు. "ఇది ఫ్రిక్షన్ డాంపరు, కారు బ్రేకులాంటిదయ్యా. భూమి ఊగినప్పుడు ఈ ప్లేట్లు రాసుకుంటూ జారాలి, ఊపంతా వేడిగా మారిపోవాలి. జారకుండా కట్టేశారు. ఇక దెబ్బంతా ఫ్రేమే తినాలి" అన్నాడు. గ్రైండర్‌తో కోయిస్తే ప్లేట్లు వంకరపోయాయి. కొత్తవి రావడానికి ఆరు వారాలు. వెల్డర్ని తీసేశారు. నేను చెప్పిందే చేశాడు పాపం. నేను నోరు విప్పలేదు, అమ్మలూ.

నీ వెల్డర్లకీ పెయింటర్లకీ తాపీమేస్త్రికీ ముందే చూపించు. జారే ముఖాల మీద రెడాక్సైడ్ పడితే రాపిడి మారిపోతుంది. బ్రేసు కదలకుండా ఇటుక గోడ బిగించి కట్టారో, నా వెల్డింగూ అదీ ఒకటే. బోల్టు చెప్పినదానికంటే ఎక్కువ బిగించినా జారదు.

1996 నవంబరు తుఫాను రాత్రి మీ తాతయ్య తెల్లారేదాకా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ హోరు ఇంకా నా చెవుల్లోనే ఉంది. డాంపరు అలాంటి గాలికి జారకూడదు, భూకంపానికి బ్రేసు లొంగకముందే జారాలి. ఆ రెండిటి మధ్య నీకు జాగా ఎంతుందో లెక్క నాకు చూపించు. నేల పరీక్ష బోర్‌హోల్ రిపోర్టు కూడా. మనది మెత్తటి ఒండ్రు, ఊపుని పెంచుతుంది. 1985లో మెక్సికో సిటీకి 300 కి.మీ. పైన దూరంలో భూకంపం వస్తే, పాత సరస్సు మట్టి మీద కట్టిన భవనాలు కూలాయి.

ఆదివారం రా, బస్టాండుకి వస్తా. డ్రాయింగులు తెచ్చుకో. కళ్లద్దాలు మార్పించుకున్నాను.

ఇట్లు,
మావయ్య