ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పొచ్చు, ఆన్‌లైన్‌లో ఎంఎస్సీ నర్సింగ్ మాత్రం వద్దు

శ్రీకాళహస్తి నుంచి ఒక తండ్రి అడిగారు. వాళ్ల పాప బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడాదికి పైగా తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉంది. నైట్ డ్యూటీలతో విసిగిపోయి టీచింగ్‌లోకి, కుదిరితే ఆన్‌లైన్‌లో నర్సులకు పాఠాలు చెప్పే పనిలోకి వెళ్తానంటోంది. ఇంట్లో కూర్చునే ఎంఎస్సీ నర్సింగ్ పూర్తి చేయిస్తామని ఒకాయన ఫీజు అడుగుతున్నాడట, కట్టేయమంటారా అని.

కట్టొద్దండీ. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020 నిబంధనల్లో ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో నడపకూడదన్న కోర్సుల్లో నర్సింగ్ కూడా ఉంది. 2025లోనైతే సైకాలజీ, న్యూట్రిషన్ లాంటివాటిని కూడా దూరవిద్యలో ఆపేశారు, ఇక నర్సింగ్ సంగతి చెప్పేదేముంది. అలాంటి సర్టిఫికెట్ పట్టుకుని ఏ నర్సింగ్ కాలేజీకి వెళ్లినా పక్కన పెట్టేస్తారు.

పాప ఆలోచనలో మాత్రం తప్పులేదు. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కు, అమెరికా వెళ్లేవాళ్లు రాసే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కు కోచింగ్ ఇప్పుడు ఫోన్లలోనే నడుస్తోంది, డ్యూటీ చేస్తున్న నర్సులకు ఆన్‌లైన్ తరగతులు, ఆసుపత్రుల సొంత ట్రైనింగ్ వీడియోలు, కాలేజీల్లో బొమ్మల మీద సాధన చేయించే సిమ్యులేషన్ ల్యాబులు, వీటన్నిటికీ పాఠం రాసి, చెప్పి, పరీక్ష పెట్టి, తప్పెక్కడుందో చూపించగల నర్సు కావాలి. కెమెరా ముందు గలగలా మాట్లాడేవాళ్లకేం కొదవ లేదు, వార్డు తెలిసినవాళ్లే తక్కువ.

అందుకే దారి మామూలుదే. రెండేళ్ల రెగ్యులర్ ఎంఎస్సీ. చేరాలంటే బీఎస్సీ తర్వాత ఏడాది పని అనుభవం అడుగుతారు, అది పాపకు ఉంది కాబట్టి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పుడే తీసుకుని పెట్టుకోమనండి, ఉద్యోగం మానేశాక దానికోసం తిప్పుతారు. తిరుపతిలోని స్విమ్స్ అడ్మిషన్ నోటిఫికేషన్, విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ రెండూ చూస్తూ ఉండండి. స్పెషాలిటీ విషయంలో, సీటు ఖాళీగా ఉందని ఏదో ఒకదానిలో చేరొద్దు, తను ఏ వార్డులో చేసిందో దాన్నిబట్టి ఎంచుకుంటే రేపు చెప్పే పాఠంలో బలం ఉంటుంది. పీహెచ్‌డీ సంగతి తర్వాత, ప్రొఫెసర్ అవ్వాలనుకున్నప్పుడు.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా ఉండక ఒక పని చేయమనండి. డ్రిప్ పెట్టడం మీద పది నిమిషాల పాఠం ఫోన్‌లో రికార్డు చేయాలి. 500 ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో వెళ్లాలి, డ్రిప్ సెట్టు ఎంఎల్‌కు 20 చుక్కలది, అంటే నిమిషానికి సుమారు 21 చుక్కలు. ఈ లెక్క ఎవరైనా చెప్తారు. పేషెంటు చెయ్యి మడిచినప్పుడు చుక్క ఎందుకు నెమ్మదిస్తుంది, నరంలో పెట్టిన సన్నటి గొట్టం, అదే క్యాన్యులా, చుట్టూ వాపు వస్తే ఏం చేయాలి, ఆ గదిలో రాత్రి రెండింటికి ఒక్కతే ఉంటే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి చెప్పగలిగితే తనలో టీచరుందని అర్థం. నిజం పేషెంట్లను మాత్రం వీడియో తీయకూడదు, బొమ్మ చెయ్యి చాలు. ఆ వీడియోను జూనియర్లకు చూపించి, వాళ్లకు ఎక్కడ అర్థం కాలేదో అడిగి మళ్లీ తీయమనండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌లో టీచింగ్ మీద ఉన్న కోర్సు ఏదైనా ఒకటి చూసుకుంటే మంచిదే, కానీ దాన్నే డిగ్రీ అనుకోవద్దు.

నైట్ డ్యూటీల టెన్షన్ భరించలేకపోతే ఉద్యోగం మానేయడం కన్నా ముందు వార్డు మార్పు అడగొచ్చు. ఇంటి దగ్గరి నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ పోస్టు ఉందేమో కనుక్కోవడం ఇంకా మేలు, బీఎస్సీతో కూడా తీసుకుంటారు.

ఆ ఫీజు అడిగినాయనకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు దాచిపెట్టి వెంటనే వాపసు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే డబ్బుకన్నా ముందు అవి తెచ్చుకోండి.