ఆముదం నుంచి కస్తూరి పరిమళం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: సెంట్లలో వాడే కస్తూరి ఇప్పటికీ కస్తూరి మృగం నుంచే వస్తోందా? ఆముదంతో చేయవచ్చని విన్నాను, నిజమేనా? – డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జ: కస్తూరి మృగానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పూర్తి రక్షణ ఉంది. దాన్ని వేటాడినా, కస్తూరి అమ్మినా నేరమే. ఇప్పుడు సెంట్లలో, సబ్బుల్లో ఉండే కస్తూరి వాసన దాదాపు అంతా కర్మాగారాల్లో తయారైనదే. అసలు కస్తూరికి వాసననిచ్చే మస్కోన్ పదిహేను కార్బన్ల వలయమని 1926లో రసాయన శాస్త్రవేత్త రుజీచ్కా తేల్చాడు. అంత పెద్ద వలయం నిలవదని అప్పటిదాకా అనుకునేవారు.

ఆముదం సంగతి నిజమే. అందులోని రిసినోలిక్ ఆమ్లాన్ని మిథైల్ ఎస్టర్‌గా మార్చి 500 డిగ్రీలు దాటించి వేడి చేస్తే అణువు రెండుగా విరుగుతుంది. ఒక ముక్క హెప్టనాల్ అనే ఆల్డిహైడ్, రెండోది 10-అన్‌డెసినోయిక్ ఆమ్లపు ఎస్టర్. నైలాన్-11కి ముడిసరుకు కూడా ఇదే. మీ జిల్లాలోనూ పక్కనున్న మహబూబ్‌నగర్‌లోనూ పండే ఆముదపు గింజలో ఇంత రసాయనం దాగి ఉంది! ఈ అన్‌డెసినోయిక్ ఆమ్లంలో పదకొండు కార్బన్లు, చివర ఒక ద్వంద్వ బంధం. దీన్ని 5-హెక్సెన్-1-ఆల్‌తో కలిపి ఎస్టర్ చేసి, రెండు కొసలనూ ముడివేసి, హైడ్రోజన్ ఎక్కిస్తే ఎగ్జాల్టోలైడ్ వస్తుంది. ఏంజెలికా వేరు నూనెలో సహజంగా ఉండే కస్తూరి పదార్థం అదే.

ప్ర: సరిగ్గా ఆ ఎస్టర్‌నే 5 గ్రాములు తీసుకుని, 100 మి.లీ. డైక్లోరోమీథేన్‌లో గ్రబ్స్ ఉత్ప్రేరకంతో (రుథేనియం ఉన్నది) మెటాథిసిస్ (కొసల ద్వంద్వ బంధాలను ముడివేసే చర్య) చేశాను. జిగురు ముద్ద తప్ప వలయం చాలా తక్కువ. ఉత్ప్రేరకం పాడైందా? – పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జ: ముందు మీ గాఢత చూడండి. ఎస్టర్ అణుభారం 266. 5 గ్రాములు 100 మి.లీ.లో అంటే దాదాపు 0.19 మోలార్ (లీటరుకు 0.19 మోల్). ఈ వలయానికి 0.005 మోలార్ దగ్గర ఉండాలి. పొడవాటి గొలుసు రెండు కొసలూ ఒకదానికొకటి ఎదురుపడటం అరుదు. ద్రావణం చిక్కగా ఉంటే అంతకంటే ముందే పక్క అణువు కొస దొరుకుతుంది. అలా గొలుసుకు గొలుసు తగులుకుంటూ పోయిందే మీ జిగురు. పలుచన చేస్తే అణువుల మధ్య చర్య బాగా తగ్గుతుంది, అణువు లోపలి చర్య వేగం మాత్రం మారదు.

ఎస్టర్‌తోనే మొదలుపెట్టండి. ఆమ్లం 18.4 గ్రా., హెక్సెనాల్ 11 గ్రా., పారా-టోలుయీన్ సల్ఫోనిక్ ఆమ్లం అర గ్రాము, టోలుయీన్ 100 మి.లీ. డీన్-స్టార్క్ (నీటిని వేరుచేసే గాజు అమరిక) అమర్చి మరిగిస్తే 1.8 మి.లీ. నీరు దిగాలి. బైకార్బొనేట్‌తో కడిగి, ఆరబెట్టి, వాడే రోజున తటస్థ అల్యూమినా మీదుగా వడకట్టండి. నిల్వ ఉన్న ఎస్టర్‌లో చేరే పెరాక్సైడులు ఉత్ప్రేరకాన్ని చంపేస్తాయి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

వలయానికి ఎస్టర్ 1.33 గ్రా. (5 మిల్లీమోల్) చాలు, ద్రావణి మాత్రం ఒక లీటరు కావాలి. పొడిగా ఉన్న డైక్లోరోమీథేన్ 900 మి.లీ.లోంచి ఆర్గాన్‌తో ఆక్సిజన్ తరిమేసి మరిగించండి. మొదటి తరం గ్రబ్స్ 4 మోల్ శాతం, అంటే 165 మి.గ్రా. అందులో సగం ఇప్పుడే వేయండి. మిగతా 100 మి.లీ.లో ఎస్టర్ కలిపి సిరంజి పంపుతో ఐదారు గంటలపాటు సన్నగా దింపండి. మిగిలిన ఉత్ప్రేరకం మధ్యలో వేయండి. చర్యలో వెలువడే ఇథిలీన్ లోపలే ఉంటే వలయం మళ్లీ తెరుచుకుంటుంది, ఉత్ప్రేరకమూ త్వరగా నశిస్తుంది. అందుకే ఫ్లాస్కును బిగించి మూసేయకండి. ఆర్గాన్ సన్నగా పారుతూ ఉండాలి, కండెన్సర్ బాగా చల్లగా ఉండాలి. ఊదారంగు పోయి గోధుమరంగు తిరగడం మామూలే. ఎస్టర్ సగం దిగకముందే తిరిగితే మాత్రం గాలి లేదా పెరాక్సైడ్ చొరబడిందని అర్థం. చివర ఇథైల్ వినైల్ ఈథర్ ఒక మి.లీ. వేసి ఆపండి.

ప్ర: రెండో తరం గ్రబ్స్‌తో, టోలుయీన్‌లో 80 డిగ్రీల దగ్గర చేశాం. దిగుబడి బాగుంది కానీ జీసీ-ఎంఎస్ (పదార్థాలను విడదీసి అణుభారం చూపే పరికరం)లో మా వలయపు 238 పక్కనే 224 కనిపిస్తోంది. – విశాఖపట్నం

జ: తేడా 14, అంటే ఒక సీహెచ్2. వేడికి ఉత్ప్రేరకం కొంత రుథేనియం హైడ్రైడ్‌గా మారి, కొసన ఉన్న ద్వంద్వ బంధాన్ని ఒక కార్బన్ లోపలికి జరిపింది. అప్పుడు ఇథిలీన్‌కు బదులు ప్రొపీన్ పోయి, వలయం ఒక కార్బన్ చిన్నదయింది. ఇలాంటి జంటను స్వేదనంతో విడదీయడం చాలా కష్టం కనుక ముందే ఆపాలి. 5 మిల్లీమోల్ ఎస్టర్‌కు 54 మి.గ్రా. బెంజోక్వినోన్ మొదట్లోనే వేయండి, హైడ్రైడ్ పనిచేయకుండా పోతుంది. లేదంటే మొదటి తరంతో 40 డిగ్రీల దగ్గర చేయండి. దిగుబడి కాస్త తగ్గినా, పరిమళానికి ఒకే వలయం ఉన్న సరుకే మేలు.

ప్ర: హైడ్రోజన్ ఎక్కించేటప్పుడు జాగ్రత్తలేమిటి? – అదే పాఠకుడు

జ: ముందు పొట్టి సిలికా కాలమ్ మీదుగా, తర్వాత ఉత్తేజిత బొగ్గుతో రుథేనియం తీసేయండి. 1.2 గ్రా. వలయానికి ఇథైల్ అసిటేట్ 20 మి.లీ., 10 శాతం పల్లాడియం-కార్బన్ 0.12 గ్రా., బెలూన్ హైడ్రోజన్ సరిపోతాయి. పట్టేది దాదాపు 120 మి.లీ. వాయువే. పొడి పల్లాడియం-కార్బన్ మీద ద్రావణి పోయకండి, ఆవిరి అంటుకుంటుంది. ఆర్గాన్ కింద పొడిని ముందు తడపండి. వడకట్టిన కాగితాన్ని కూడా తడిగానే ఉంచి నీళ్లలో వేయండి.

ప్ర: సివెటోన్‌కూ (పునుగు పిల్లి పరిమళ పదార్థం) ఇదే దారి పనికొస్తుందా? – కాకినాడ

జ: సివెటోన్‌లో ద్వంద్వ బంధం సిస్‌గా (గొలుసు రెండు వైపులూ బంధానికి ఒకే పక్కన) మిగలాలి. మామూలు గ్రబ్స్ ఉత్ప్రేరకాలు ట్రాన్స్ (ఎదురెదురు పక్కల) రూపం ఎక్కువగా ఉన్న మిశ్రమం ఇస్తాయి. ఎగ్జాల్టోలైడ్‌లో హైడ్రోజన్‌తో ఆ తేడా చెరిగిపోతుంది, ఇక్కడ చెరగదు. ఆల్కైన్ (త్రిబంధ) మెటాథిసిస్‌తో వలయం కట్టి, లిండ్లర్ ఉత్ప్రేరకంతో సిస్ దగ్గర ఆపడం ఫ్యుర్‌స్ట్నర్ బృందం చూపిన దారి. సిస్‌నే ఇచ్చే రుథేనియం ఉత్ప్రేరకాలు తర్వాత వచ్చాయి.

ప్ర: గ్రాముకు లీటరు ద్రావణి అయితే పరిశ్రమకు గిట్టుబాటు ఎలా? – చిన్న పరిశ్రమ యజమాని

జ: ఈ రూపంలో గిట్టదు. చవకైన కస్తూరి లాక్టోన్ (వలయంగా ఉన్న ఎస్టర్) కావాలంటే ఇథిలీన్ బ్రాసిలేట్ చూడండి. బ్రాసిలిక్ ఆమ్లాన్ని ఇథిలీన్ గ్లైకాల్‌తో ముందు కావాలనే పాలిమర్ చేస్తారు. ఆ తర్వాత లోహ లవణం ఉత్ప్రేరకంగా, శూన్యంలో బాగా వేడి చేస్తే పాలిమర్ తెగి వలయాలు ఏర్పడతాయి. ఏర్పడిన వలయం వెంటనే ఆవిరై బయటికి పోతుంది కనుక సమతాస్థితి అటే జరుగుతూ ఉంటుంది, లీటర్ల ద్రావణి అక్కర్లేదు. ఇది 1930లలో నైలాన్ కనిపెట్టిన కరోథర్స్ బృందం వేసిన బాట. మీకు కావలసినవి మంచి వాక్యూమ్ పంపు, అడుగున చిక్కబడే ముద్దను తిప్పగల బలమైన కలియబెట్టే మోటారు. ఆ ముద్ద మాడితే పరిమళంలో కాలిన వాసన చేరుతుంది, కాబట్టి అడుగు వేడిని విడిగా కొలిచే థర్మోకపుల్ కూడా పెట్టించండి.